కొండ పుట్టిల్లు, మైదానము మెట్టినిల్లు: నీలిచారల సీతాకోకచిలుక జీవితము
(ఉపన్యాస పాఠము)



శామీర్‌పేట చుట్టును గల గుట్టలు మిక్కిలి ప్రాచీనములు. ఈ రాయి భూగర్భమున కరిగి, చల్లారి, గట్టిపడి సుమారు 250 కోట్ల సంవత్సరములైనదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ బండల సందులలో పిడికెడు మన్ను దొరకిన చోటనెల్ల సీతాఫలపు పొదలు, తుమ్మలు, జిల్లేళ్లు మొలచును. వాటి నల్లుకొని తీగలు ప్రాకును. ఆ తీగలలో కొన్ని ఆకు త్రుంచినంతనే తెల్లని పాలు కార్చును. పశువులు సాధారణముగా వాటి జోలికి పోవు. వంటకు పనికిరావు, పందిరికి పనికిరావు. కంచె బాగుచేయు రైతు వాటిని మొదట కోసి పారవేయును. ఎవరికిని పనికిరాని ఆ పాలతీగను నమ్ముకొని బ్రదుకు ప్రాణి యొకటి కలదు. దాని కథయే ఈ ఉపన్యాసమునకు విషయము.

ఆంగ్లమున దానిని ‘బ్లూ టైగర్’ అందురు. తెలుగున నీలిచారల సీతాకోకచిలుక అనవచ్చును. రెక్కలు చాచినపుడు ఈ కొన నుండి ఆ కొనకు 9 లేక 10 సెంటీమీటర్లుండును. నలుపు కలిసిన గోధుమవన్నె నేలపై నీలిమ కలిసిన తెల్లని చారలు, చుక్కలు తీర్చినట్లుండును. ఆ చారలున్న చోట్ల రెక్క పలుచనై వెలుతురు తొంగిచూచును. సీతమ్మవారి కోకవలె వన్నెలు గలదని ఈ జాతి కంతటికిని పెద్దలు పెట్టిన పేరు దీనికి చక్కగా నప్పును.

శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు తెలుగువారికి మరింత ఆప్తమైనది. 1775వ సంవత్సర ప్రాంతమున క్రామర్ అను డచ్చి వర్తకుడు ఈ జాతిని మొదట వర్ణించి ‘లిమ్నియాసి’ అని పేరిడెను. తరువాత 1880లో ఫ్రెడరిక్ మూర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని, దీని దాయాదులను ఒక కుదురుగా చేర్చి, ఆ కుదురునకు ‘తిరుమల’ అని నామకరణము చేసెను. నేడు ప్రపంచమున ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను దీనిని ‘తిరుమల లిమ్నియాసి’ అనియే వ్రాయవలెను.

ఇక దీని జన్మకథ. తల్లి సీతాకోకచిలుక గ్రుడ్లు పెట్టదలచినపుడు కనబడిన ప్రతి ఆకుపై వ్రాలదు. జిల్లేడు కుటుంబమునకు చెందిన పాలతీగనే వెదకును. ఆకుపై వ్రాలి కాళ్లతో తట్టి చూచును. దీనికి రుచి తెలియునది నాలుకతో మాత్రమే కాదు, పాదములతో గూడ. తగిన ఆకని తెలిసిన తరువాత ఎండ తగులకుండ ఆకు క్రిందివైపున ఒక్కొక్క గ్రుడ్డు అతికించి, మరొక ఆకునకు పోవును. అన్ని గ్రుడ్లును ఒకే చోట పెట్టినచో పిల్లలకు తిండి చాలదు. శత్రువు కంటబడినచో ఒక్కసారిగా వంశము నశించును. లెక్కలు చదువని తల్లి ఈ లెక్క తప్పదు.

వెచ్చని దినములలో మూడు నాలుగు రోజులకే గ్రుడ్డు చిట్లి చిన్న పురుగు వెలువడును. అది మొట్టమొదట తినునది తాను విడిచిన గ్రుడ్డు పెంకునే. తరువాత ఆకుపై పడును. ఈ పురుగును గొంగళిపురుగని పిలుచుట వాడుకయే గాని, దీని ఒంటిపై గొంగళివంటి నూగు లేదు. తగిలినను దురద పుట్టింపదు. లేత పసుపు కలిసిన తెల్లని ఒంటిపై అడ్డముగా నల్లని పట్టెలుండును. తలవైపున రెండు, తోకవైపున రెండు మెత్తని కొమ్ములవంటి పోగులుండును. జిల్లేడుపై పెరుగు మరొక సీతాకోకచిలుక పురుగునకు ఇట్టి పోగులు మూడు జతలు. రెండు జతలా, మూడు జతలా అని చూచి పిల్లలైనను ఈ రెంటిని గుర్తింపగలరు.

పాలతీగ తన్ను తాను కాపాడుకొనుటకే పాలు కార్చును. ఆ పాలు జిగటగా ఉండి చిన్న పురుగు నోటిని అతికివేయగలవు. వాటిలో విషమును కలదు. ఈ కుటుంబపు పురుగులు కొన్ని ఆ జిగటను తప్పించుకొనుటకు చేయు యుక్తి ఆశ్చర్యకరమైనది. కాలువకు అడ్డుకట్ట వేసిన రైతువలె, అవి ముందుగా ఆకు ఈనెను కొరికి పాలు పారకుండ చేయును. అటుపిమ్మట ఎండిన మడివంటి ఆకు భాగమును నిశ్చింతగా తినును.

రెండు వారముల కాలములో పురుగు బరువు వందల రెట్లు పెరుగును. ఒడలు పెరిగినను చర్మము సాగదు గనుక, ఇరుకైన చొక్కాను విప్పివేసినట్లు నాలుగు పర్యాయములు కుబుసము విడుచును. ఐదవ దశ ముగియగానే తిండి మానివేయును. కొమ్మ క్రిందనో ఆకు చాటుననో కొద్దిగా పట్టునేసి, దానికి తోకకొన తగిలించి తలక్రిందులుగా వ్రేలాడును. చివరి చర్మము ఊడిపోగా ఆకుపచ్చని కోశము బయటపడును. దానిపై బంగారు చుక్కలుండును. కంసాలి చేతి పనియని భ్రమపడునట్టి ఆ కోశమును చూచిన పిల్లవాడు సీతాకోకచిలుకను ఎన్నటికిని మరువడు.

ఈ ఘట్టమున పెద్దలందరికి తెలిసిన భ్రమర కీటక న్యాయమును గుర్తుచేసికొనుట యుక్తము. భ్రమరము ఒక పురుగును తెచ్చి గూటిలో ఉంచి దానిచుట్టును ఝుంకారము చేయుననియు, ఆ ధ్వానమునే వినుచు, భ్రమరమునే తలచుచు ఆ పురుగు తానును భ్రమరమగుననియు చెప్పుదురు. ఏకాగ్రమైన ధ్యానమునకు ఇది అందమైన ఉపమానము. ఉపమానముగా దాని విలువ తగ్గదు. ఐతే ప్రకృతిలో జరుగునది వేరు. మట్టితో చిన్న కుండవంటి గూడు కట్టు కందిరీగ జాతి యొకటి పురుగులను కుట్టి, చావకుండ కదలకుండ చేసి, తెచ్చి గూటిలో నింపి మూసివేయును. గూటిలో దాని గ్రుడ్డు ఉండును. గ్రుడ్డు నుండి వచ్చిన పిల్ల ఆ పురుగులను తిని పెరిగి, రెక్కలు వచ్చిన పిదప గూడు పగులగొట్టుకొని వచ్చును. లోనికి పోయినది పురుగు, వెలుపలికి వచ్చినది కందిరీగ. నడుమ జరిగినది చూడనివారికి ఒకటే మరొకటి యైనట్లు తోచుట సహజము.

నిజముగా రూపు మారునది సీతాకోకచిలుక పురుగు. దానికి బయటి ఝుంకారముతో పనిలేదు. కాబోవు రూపము దానిలోననే ఉన్నది. 17వ శతాబ్దమున హాలెండు దేశస్థుడైన స్వామర్‌డామ్ అను వైద్యుడు, రూపు మారుటకు సిద్ధముగానున్న పురుగు చర్మమును మెల్లగా ఒలిచి, లోపల మడతపడియున్న రెక్కల మొలకలను పండితులకు చూపెను. అంతకు ముందు పురుగు చచ్చి చిలుక పుట్టునని యూరపు పండితులు గూడ తలచుచుండిరి. 1699లో మరియా సిబిల్లా మేరియన్ అను మహిళ తన కుమార్తెతో దక్షిణ అమెరికాలోని సురినామునకు ఓడ ప్రయాణము చేసి, గ్రుడ్డు నుండి చిలుక వరకు ప్రతి దశను అది తినెడి మొక్కతో సహా చిత్రించి 1705లో గ్రంథము ప్రకటించెను. పురుగును దాని మొక్క నుండి వేరుచేసి చూడరాదని ఆమె చిత్రములు లోకమునకు నేర్పినవి. ఈ ఉపన్యాసమునకును అదియే మూలసూత్రము.

కోశములో పురుగు దేహము చాలవరకు కరిగి తిరిగి కట్టబడును. ఆకు కొరికెడి దవడలు పోయి తేనె పీల్చెడి గొట్టము వచ్చును. వారము పది దినములకు కోశము పలుచనై, లోపలి నల్లని రెక్కలు కనబడును. సాధారణముగా ఉదయవేళ అది పగిలి చిలుక బయటపడును. అప్పుడు రెక్కలు తడిగుడ్డవలె ముడుతలుపడి యుండును. అది వ్రేలాడుచు, ఒడలిలోని ద్రవమును రెక్కల నరములలోనికి ఎక్కించి వాటిని సాగదీయును. రెండు పాయలుగా వచ్చిన తొండమును ఒకటిగా జతపరచుకొనును. ఈ సమయమున చేతితో సాయపడబోయినచో రెక్క వంకరపోయి జన్మమంతయు ఎగురజాలదు. దానిని దాని మానాన విడుచుటయే సాయము.

రెక్కలు ఆరిన పిదప ఎగురును గాని తొందరపడి ఎగురదు. ఇతర చిలుకలు మనిషి నీడ పడగానే తప్పించుకొనును. ఇది తీరికగా తేలిపోవును. ఆ ధైర్యమునకు కారణమున్నది. పక్షులకు దీని ఒడలు రుచింపదు. 1960లలో అమెరికా శాస్త్రజ్ఞుడు లింకన్ బ్రోవర్ ఈ కుటుంబమునకే చెందిన మోనార్క్ అను చిలుకను ఒక పక్షికి తినిపింపగా, అది కొద్దిసేపటికే కక్కివేసి, మరల ఆ రంగు చిలుక జోలికి పోలేదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్న పాల విషమే అక్కడ రక్షణ. నీలిచారల చిలుకకు పెద్దయైన తరువాత గూడ మందు సేకరించెడి అలవాటు కలదు. మగచిలుకలు జనుము జాతి మొక్కలపైనను, తేలుకొండివలె పూలకంకి వంగియుండెడి నాగదంతి మొక్కపైనను మూగి, ఎండిన ఆకులను గీరి, ఊరిన రసమును పీల్చును. ఆ రసములోని క్షారములు వాటికి రక్షణ నిచ్చును; ఆడచిలుకను ఆకర్షించెడి సువాసన తయారుచేసికొనుటకును అవియే మూలము. పచ్చిరొట్టకు జనుము చల్లిన చేలలో ఒక్కొక్కప్పుడు చిలుకలు గుంపులు కట్టుటకు ఇదియే కారణము. అవి పైరునకు హాని చేయవు.

చేదైనదానిని అనుకరించి బ్రదికెడివారు లోకమున ఎల్లచోట్లను కలరు. ‘కామన్ మైమ్’ అను మరొక జాతి చిలుకకు విషము లేదు. ఐనను దాని రూపములలో ఒకటి నీలిచారల చిలుకను అచ్చముగా పోలియుండి, పక్షులను మోసగించి బ్రదుకును. ఇట్టి అనుకరణను మొదట వివరించినవాడు హెన్రీ బేట్స్. అమెజాన్ అడవులలో 11 సంవత్సరములు గడిపి వచ్చి 1862లో ఆ విషయమును ప్రకటించెను.

ఇప్పుడు ఈ చిలుక జీవితములోని మిక్కిలి విచిత్రమైన భాగము. దీనిని కేవలము కొండల ప్రాణి యనరాదు. కేవలము మైదానపు ప్రాణియు ననరాదు. వర్షములు పడి పాలతీగలు చిగిర్చినపుడు మైదానముల కంచెలపైనను, గుట్టల పొదలపైనను సంతానము పెంచుకొనును. ఎండలు ముదిరి ఆకు రాలినపుడు పిల్లలకు తిండి లేదు. అప్పుడు అవి గ్రుడ్లు పెట్టుట మాని, కొండల నడుమ నీడయు తేమయు గల లోయలలో వేలకొలది చేరి, కొమ్మలకు వ్రేలాడుచు, కాలము మారువరకు ఓర్పుతో వేచియుండును.

దక్షిణ దేశమున ఈ రాకపోకలు మహాయాత్రలుగా సాగును. నీలిచారల చిలుకలు, వాటి దాయాదులైన ముదురు నీలిచారల చిలుకలు, ‘కామన్ క్రో’ అను కాకినలుపు చిలుకలు కలిసి నైరుతి వర్షములకు ముందు పడమటి కనుమల నుండి తూర్పు మైదానముల వైపునకు తరలును. వర్షాకాలము గడచిన పిదప అక్టోబరు, నవంబరు ప్రాంతమున తూర్పు కనుమలు, మైదానముల నుండి పడమటికి మరలును. పడమటి కనుమలలో కుండపోత వాన. అక్కడ ఆ రెక్కలకు నిలువ నీడ లేదు. తూర్పున ఆ కాలముననే పాలతీగ చిగిర్చును. కొండ పుట్టిల్లు, మైదానము మెట్టినిల్లు అన్నట్లు రెండు చోట్లను కలుపుకొని ఇవి బ్రదుకుచున్నవి. వీటిలో ఏ ఒక్కటి పాడైనను రెండవది దీనిని కాపాడలేదు.

ఇట్టి యాత్ర ఈ కుటుంబమునకు అబ్బిన విద్య. అమెరికాలోని మోనార్క్ చిలుకలు కెనడా దేశము నుండి నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి మెక్సికో కొండలలో చలికాలము గడపును. అవి చేరెడి ఆ కొండలను శాస్త్రజ్ఞులు కనుగొన్నది 1975లో మాత్రమే. తైవాను ద్వీపములో కాకినలుపు చిలుకల దాయాదులు దక్షిణపు లోయలలో చలికాలము గడపి, వసంతమున ఉత్తరమునకు పోవును. వాటి త్రోవకు అడ్డముగా పెద్ద రహదారి పడినది. బండ్లకు కొట్టుకొని చచ్చుచున్నవని 2007లో అచ్చటి ప్రభుత్వము రహదారిలో ఒక వరుసను మూసివేసి, అవి బండ్ల ఎత్తునకు పైగా ఎగురునట్లు వలలు కట్టించెను. తులము బరువైనను తూగని ప్రాణికి త్రోవ యిచ్చుటకు ఒక దేశము తన బండ్లను ఆపుకొన్నది.

శామీర్‌పేట వారికి ఈ దృష్టాంతము దూరపుది కాదు. కరీంనగరు రహదారియు, హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్లు తిరుగు బాహ్యవలయ రహదారియు ఇచ్చటనే కలిసికొనుచున్నవి. నగరము ఉత్తరమునకు పెరుగుచున్నది. ఇండ్లు కావలెను, రోడ్లు కావలెను, వాటికి రాయి కావలెను. వీనిని ఎవరును కాదనలేరు. కాని ఒక గుట్టను పగులగొట్టినపుడు పోవునది రాయి మాత్రమే కాదు. ఆ సందులలోని నీడయు, నీడలోని తేమయు, ఆ తేమ నాశ్రయించిన తీగయు, తీగను నమ్మిన పురుగును పోవును. ఆ రాయిని మరల చేయుట ఎవరి తరమును కాదు. చెరువు గట్టు, జింకల వనము, గ్రామపు కంచెలు, పొలిమేర పొదలు మిగిలినంతవరకే దూరము నుండి వచ్చెడి చిలుకకు ఇచ్చట మజిలీ.

రైతు అడుగవలసిన న్యాయమైన ప్రశ్న యొకటి యున్నది: పురుగును కాపాడినచో పంట యేమగును? నిమ్మ నారుమడులను తినెడి చిలుక పురుగు నిజముగా నష్టము చేయును. లేత మొక్కలకు ఆకే ఉండదు. దానిని చేతితో ఏరి పెరటిలోని పెద్ద మారేడు చెట్టుపై విడిచినచో నారును దక్కును, చిలుకయు దక్కును. నీలిచారల చిలుక విషయమున ఈ చిక్కు గూడ లేదు. దాని పురుగు వరి తినదు, ప్రత్తి తినదు, కూరగాయ తినదు. పాలతీగ తప్ప మరొకటి ముట్టదు. దానికి కావలసినది కంచె మూలన ఒక తీగను కోయకుండ విడుచుట, గట్టుపై పురుగుమందు చల్లకుండుట, నాలుగు జనుము మొక్కలను కాయలు ఎండువరకు నిలుపుట. ఇందులో రూపాయి ఖర్చు లేదు.

గ్రంథాలయము చేయదగిన పనియు నొకటి కలదు. ఇంగ్లండులో 1976 నుండి సామాన్య ప్రజలు ప్రతివారము ఒకే దారిని నడచి, కనబడిన చిలుకలను లెక్కించి వ్రాయుచున్నారు. వారిలో అధికులు శాస్త్రజ్ఞులు కారు. ఐనను ఏ జాతి తరుగుచున్నదో, ఏది పెరుగుచున్నదో ఆ దేశమునకు తెలిసినది ఆ పుస్తకముల వలననే. అట్టి పుస్తకము నొకదానిని ఈ గ్రంథాలయపు బల్లపై ఉంచవచ్చును. చిలుకను చూచిన తేదీ, చోటు, సంఖ్య, అది పోవుచున్న దిక్కు: ఈ నాలుగు గళ్లు చాలును. బడిపిల్లలు వ్రాయుదురు, పెద్దలు సరిచూతురు. పురుగు దొరకినచో గాజుసీసాలో దాని తీగ రెమ్మతోనే ఉంచి, పలుచని గుడ్డ కట్టి, దినదినమును క్రొత్త ఆకు వేసి, బంగారు చుక్కల కోశము నుండి చిలుక వచ్చిన నాడు గ్రామమునకు చూపి విడిచివేయవలెను.

గ్రంథాలయములో ఇతరులు వ్రాసిన పుస్తకములను చదువుట అలవాటు. ఇది గ్రామము తానే వ్రాసికొను పుస్తకము. పాతిక సంవత్సరములు గడచి స్వర్ణోత్సవము జరుగునాటికి ఆ పుటలు తిరుగవేసిన వారికి, శామీర్‌పేట మీదుగా నీలిచారల చిలుక ఏ నెలలో వచ్చినదో, ఏ దిక్కునకు పోయినదో, ఇంకను వచ్చుచున్నదో లేదో తెలియును. వచ్చుచున్నదని వ్రాయుటకు వీలుండవలెనన్నచో, ఈ యేడు కంచె బాగుచేయునపుడు పాలతీగపై కొడవలి వేయుటకు ముందు ఆకు త్రిప్పి ఒక్కసారి క్రిందివైపు చూడుడు.